ఆవిడెక్కితే బిగిసే చక్రం

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న వాళ్లకి పానా పట్టుకోవడం నేర్పాలన్న ఉద్దేశం నాకు లేదు. అది మీకు నాకన్నా బాగా వచ్చు. ఫోనులో వీడియో పెట్టుకుని, పక్కన బండి విప్పుకుంటూ పోతున్నారు. చూస్తుంటే నాకు అసూయ కూడా వేస్తుంది. మా రోజుల్లో ఒక బేరింగు తియ్యడం నేర్చుకోవాలంటే గురువుగారికి ఆరు నెలలు టీలు మోయాల్సి వచ్చేది. నేను చెప్పాలనుకున్నది నేను చేసిన ఒక తప్పు గురించి. ఆమదాలవలసలో స్టేషనుకి పోయే రోడ్డు మీద నలభై ఏళ్లు మోటారుసైకిళ్లు బాగుచేశాను. చేసిన తప్పులన్నీ రాసుకుంటూ పోతే కాగితాలు చాలవు, పైగా ఇది మా ఆవిడ చదువుతుంది. అందుకని ఒక్కటే చెబుతాను.

నాకు పని నేర్పిన గురువుగారిది కొత్తవలస. రైల్వే గేటు పక్కన చిన్న రేకుల షెడ్డు. ఆయన చెప్పిన సూత్రాల్లో ఒకదాన్ని నేను దేవుడి మాటలా పట్టుకున్నాను. ట్రయలు ఎప్పుడూ ఒక్కడే వెయ్యాలి. వెనకాల ఇంకొకడు కూర్చుంటే వాడు కబుర్లు చెబుతాడు, బండి చెప్పేది వినపడదు అనేవారు. ఒక్కడివే వెళ్లు, నోరు మూసుకో, చెవులు తెరువు అనేవారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, బండి ఓనరు "నేనూ వస్తాను" అన్నా ఎక్కించుకునేవాణ్ణి కాదు. అది చూసి జనం "మేస్త్రీ చెవితో చూస్తాడు" అనడం మొదలెట్టారు. వాళ్లు అలా అంటుంటే పైకి విననట్టు ఉండేవాణ్ణి గానీ లోపల ఉబ్బిపోయేవాణ్ణి.

షెడ్డు పక్కనే మా ఆవిడ తమ్ముడి వెల్డింగు దుకాణం. గేట్లు, కిటికీ చువ్వలు అతికేవాడు. పని తక్కువ, వ్యాఖ్యానం ఎక్కువ. నా దగ్గరికి వచ్చిన ప్రతి బండి మీదా, ప్రతి మనిషి మీదా ఒక మాట అనకపోతే అతనికి తిన్నది అరగదు. బావమరిది కాబట్టి నేనేమీ అనలేను. నిజం చెప్పాలంటే సగం మాటలకి నేనే ముందు నవ్వేవాణ్ణి.

ఆరేడేళ్ల కిందటి సంగతి. వర్షాలు తగ్గి, చేలు పసుపు తిరుగుతున్న రోజులు. ఒక రైతు తన పాత బండి తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. నలభై అయిదు దాటిన మనిషి, నెమ్మదస్తుడు. వాళ్ల ఊరు స్టేషనుకి ఏడు కిలోమీటర్లు ఉంటుంది. ఆ బండి వంద సీసీది, ఇరవై ఏళ్ల నాటిది, మా షెడ్డుకి పాత చుట్టం. దాని ప్రతి నట్టూ నా చేతి మీదుగా ఒకసారైనా పోయింది.

"మేస్త్రీ, ఎనక సక్రం బిగిసిపోతంది," అన్నాడు.

"ఎప్పుడూనా, అప్పుడప్పుడా?"

ఆయన కాస్త తటపటాయించాడు. "నానొక్కణ్ణే ఎల్తే బాగుంటాది. మా ఆడది ఎక్కితే బిగిసిపోతాది."

పక్క దుకాణంలో మా బావమరిది వెల్డింగు ఆపి, ముఖానికి పెట్టుకున్న నల్ల అద్దం పైకెత్తాడు. "ఓలమ్మో! బావా, బండికి కూడా తెలిసిపోనాది సూడు, పెళ్లాం బరువంటే ఏటో!"

టీ తాగుతున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రైతు మాత్రం నవ్వలేదు. అది నేను గమనించలేదని చెప్పను. గమనించాను, కానీ నవ్వు ఆపుకోలేదు.

అసలు విషయం ఆయన తర్వాత మెల్లగా చెప్పాడు. ఆయన భార్య ఆ నెలలోనే గరివిడిలో ఒక ప్రైవేటు కాలేజీ క్యాంటీన్లో వంటకి కుదిరింది. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో పెళ్లిళ్లకి పనసపొట్టు కూర ఆవిడే వండాలని పేరు. ఆ చేతివంట ఎవరో తిని, పిలిచి పని ఇచ్చారు. పెళ్లయిన పాతికేళ్లకి తనదంటూ వచ్చిన ఉద్యోగం అది. అయితే నెల రోజులు చూస్తామనీ, పొద్దుటి రైలుకి దిగకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామనీ క్యాంటీను మేనేజరు ముందే చెప్పేశాడు. అంత పొద్దున్నే వాళ్ల ఊళ్లో ఆటో దొరకదు. మొగుడే బండి మీద స్టేషనుకి దింపాలి. ఆవిడ వెనకాల ఒక పక్కకి తిరిగి కూర్చుంటుంది. ఒళ్లో దోసెల పిండి క్యాను. క్యాంటీనులో రుబ్బిన పిండి ఆవిడకి నచ్చదట, ఇంటి దగ్గరే రుబ్బుకుని మోసుకెళ్లేది.

సగం దారికి వచ్చేసరికి బండి మూలుగుతుంది, పాకుతుంది, ఆగిపోతుంది. ఆవిడ దిగితే హాయిగా కదులుతుంది. ఎక్కితే మళ్లీ అదే వరస. అప్పటికి ఒకసారి రైలు తప్పిపోయింది.

బండిని డబుల్ స్టాండు మీదకి ఎత్తి వెనక చక్రం చేత్తో తిప్పాను. గిర్రున తిరిగింది. అయినా ముప్పై ఏళ్లు దాటిన అనుభవం ఊరికే పోదు కదా, పద్ధతిగా మొదలుపెట్టాను. చక్రం బిగిసిందంటే మనం ముందు అనుమానించేది బ్రేకునే. పెడలు తొక్కి వదిలితే వెనక్కి వస్తోందా, డ్రమ్ములో షూలు అతుక్కుపోయాయా, వాటిని తెరిచే కామ్ తుప్పు పట్టిందా అని చూస్తాం. అన్నీ విప్పి చూశాను. కాస్త దుమ్ము తప్ప ఏమీ లేదు. తుడిచి, గ్రీజు పెట్టి, బిగించి, ఎప్పటిలాగే ఒక్కణ్ణే ట్రయలు వేశాను. ఓవర్‌బ్రిడ్జి ఎక్కి, దిగి, వెనక్కి వచ్చాను. బండి ఎక్కడా చిన్న గొణుగుడైనా గొణగలేదు.

"బండి బాగుంది, తీసుకెళ్లు," అన్నాను.

మూడు రోజులకి మళ్లీ వచ్చాడు. ఈసారి ముఖంలో రక్తం లేదు. రెండో రైలు కూడా పోయింది. మేనేజరు ఇంకొక్కసారి ఆలస్యమైతే రానక్కర్లేదని చెప్పేశాడట. దానికి తోడు ఇంకో అవమానం. బండి మొరాయించిన చోట ఆవిడ దిగి, క్యాను చంకన పెట్టుకుని వెనక నడవాల్సి వచ్చింది. మొగుడు ముందు బండి మీద, పెళ్లాం వెనక నడక. చేలోకి వెళ్తున్న ఆడవాళ్లు చూసి, "ఏటమ్మా, మీ ఆయన బండెక్కనియ్యడేటి?" అని అడిగారట.

"నానే బ్రేకు తొక్కేస్తన్నానంటంది మేస్త్రీ," అన్నాడు గొంతు తగ్గించి.

"నువ్వెందుకు తొక్కుతావు?"

"మొదట్ల నాను ఒద్దన్నాను లెండి. ఈ వయసుల ఉద్యోగమేటి, ఇంటికాడ ఆవుల్ని ఎవులు సూస్తారు అన్నాను. తర్వాత సరే అన్నాను. సరే అన్నాక ఇలాగ అవుతంది. నానే సేస్తన్నానని దాని అనుమానం."

ఇప్పుడు చెబుతుంటే నాకే సిగ్గుగా ఉంది గానీ, ఆ రోజు నా మనసులో మెదిలింది ఆయన కష్టం కాదు. బాగుచేసి పంపిన బండి తిరిగి వచ్చింది, టీ కొట్టు దగ్గర నలుగురూ చూస్తున్నారు, నా పేరు పోతుంది. అదే నా బాధ. చక్రం ఊడదీసి బేరింగులు రెండూ తీసేశాను. అవి బాగానే ఉన్నాయి. అయినా కొత్తవి వేశాను, ఎవరూ ఒక్క మాట అనకుండా. స్టాండు మీద తిప్పితే చక్రం ఆగనంటుంది. మళ్లీ ఒక్కణ్ణే ట్రయలు. మళ్లీ ఏమీ లేదు.

ఆయన ఫోను తీసి భార్యకి కలిపాడు. "ఒక్క మాట మీరు సెప్పండి మేస్త్రీ. బండిల ఏటో ఉంది, బాగుసేసేనని సెప్పండి," అని ఫోను నా చేతికి ఇచ్చాడు. స్పీకరు ఆన్‌లోనే ఉంది.

పాపం, ఆయన అడిగింది చాలా చిన్న సాయం. ఏదో లోపం ఉండేది, ఇప్పుడు పోయింది అంటే చాలు. కానీ అలా అంటే మొదటిసారి నాకు దొరకలేదని ఒప్పుకున్నట్టు అవుతుంది. నలుగురి ముందు ఆ మాట నా నోటికి రాలేదు.

"అమ్మా, నేను మేస్త్రీని. బండిలో ఏ లోపమూ లేదు. మొదటినుంచీ లేదు," అన్నాను.

"అలాగా బాబూ," అంది ఆవిడ. అంతే, ఫోను పెట్టేసింది.

రైతు ఫోను జేబులో వేసుకుని, నా వైపు చూడకుండా బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు. మా బావమరిది వెనక నుంచి, "మావా, ఈ పాలి ఇద్దరు పెళ్లాల్ని ఎక్కించినా ఎల్తాది!" అని అరిచాడు. ఈసారి ఎందుకో ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర ఈ సంగతి మా ఆవిడకి చెప్పాను. నా తప్పేమీ లేనట్టుగా, కాస్త గొప్పగానే చెప్పాను. ఆవిడ పప్పు వడ్డిస్తూ ఆగింది. "అయితే ఆయనే తొక్కుతన్నాడంటారు."

"నేనలా అనలేదే!"

"బండిల లోపం నేదన్నారు కదా. మరింకేటి మిగిలినాది?"

అన్నం తిని చెయ్యి కడుక్కున్నాను గానీ ఏం తిన్నానో గుర్తులేదు. నిజమే, నేను బండికి ఇచ్చిన సర్టిఫికెట్టు ఆ మనిషి మెడకి చుట్టుకుంది. దొరకని లోపానికి ఎవరో ఒకరు దోషి కావాలి. నేను కాకుండా తప్పించుకున్నాను, ఆయన దొరికాడు.

మర్నాడు ఆదివారం. షెడ్డు తెరిచి అగరొత్తి వెలిగిస్తుండగా ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఒకావిడ దిగింది. వెనకాలే నలభై గజాల దూరంలో ఆ రైతు బండి మీద ఒక్కడే వచ్చాడు. మొగుడి బండి ఖాళీగా వస్తుండగా పెళ్లాం ఆటోలో వచ్చిందంటే వాళ్ల మధ్య సంగతి ఎంతదాకా వచ్చిందో మీరే ఊహించుకోండి. మా బావమరిది నోరు తెరవబోయి, ఆవిణ్ణి చూసి మూసుకున్నాడు. నాలుగు రోజులుగా అతను వేసిన బరువు జోకులన్నిటికీ ఆవిడే జవాబు. బక్కపలచటి మనిషి, నలభై అయిదు కిలోలుంటే గొప్ప.

"మేస్త్రీ అంటే మీరేనా?"

"అవునమ్మా."

"ఫోనులో సెప్పింది మీరే కదా. ఇప్పుడు ఎదురుగా సెప్పండి. బండి మంచిదా?"

నేను మొగుడి వైపు చూశాను. ఆయన బండి హేండిలు పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"మాటాడండి బాబూ," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "బండి మంచిదైతే ఇతను నాతో అబద్ధం ఆడతన్నాడు. అలాగైతే రేపట్నుంచి నేను పొందూరు ఎల్లిపోతాను. మా కన్నోరిల్లు స్టేషను పక్కనే. అక్కడ్నుంచే రైలెక్కుతాను. ఉద్యోగం వదలను. పాతికేళ్లు ఒకరి పొలంలో, ఒకరి వంటింట్లో సేసేను, ఇది నాది. బండి మంచిది కాదంటే ఆ మాటా సెప్పండి, ఇంటికెల్లిపోతాం. ఏదో ఒకటి తేల్సండి."

అంత సూటిగా నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. బండి గురించి ఎవరు ఏమడిగినా నా దగ్గర సమాధానం ఉండేది. ఇక్కడ నేను బండి గురించి చెప్పే మాట ఒక సంసారం గురించి అవుతోంది. "ఇంకొకసారి ట్రయలేసి చూస్తానమ్మా," అన్నాను.

"ఎల్లండి. నేనూ ఎక్కుతాను."

నా సూత్రం గుర్తొచ్చింది. నోరు తెరిచాను కూడా. ఆవిడ అప్పటికే చీర కుచ్చిళ్లు సర్దుకుని బండి పక్కన నిలబడింది. రైతు తాళం నా చేతికిచ్చి, "ఎల్లండి మేస్త్రీ," అన్నాడు. బజార్లో పరాయి ఆడమనిషిని వెనక కూర్చోబెట్టుకుని వెళ్లడం నా వయసులో అదే మొదటిసారి. టీ కొట్టాయన గ్లాసు కడగడం మానేసి చూస్తున్నాడు.

మొదటి అర కిలోమీటరు ఏమీ తెలియలేదు. ఆవిడ ఒక్క మాటైనా మాట్లాడలేదు, కాబట్టి గురువుగారి భయం నిజం కాలేదు. రోడ్డు గతుకులు మొదలయ్యాక పాదాల కింద ఏదో బిగుసుకున్నట్టు అనిపించింది. ఓవర్‌బ్రిడ్జి ఎత్తు మొదలయ్యేసరికి ఇంజిను మూలిగింది. గేరు తగ్గించాను. ఎవరో వెనక నుంచి బండిని పట్టుకు లాగుతున్నట్టుంది. పిండి క్యాను లేదన్న మాటే గానీ, ఆ లోటు నా పొట్ట తీర్చింది. ఇంకో పది గజాలు పాకి బండి ఆగిపోయింది.

నా కుడికాలు చూసుకున్నాను. బ్రేకు మీద లేదు.

"దిగండమ్మా," అన్నాను. దిగింది. బండి తోస్తే మెత్తగా కదిలింది. "ఎక్కండి." ఎక్కింది. తోస్తే కదలనని మొండికేసింది. కింద కూర్చుని చూద్దామంటే బండి పట్టుకునే మనిషి లేడు. అంతలో బ్రిడ్జి కిందనుంచి రైతు పరుగెత్తుకుంటూ వచ్చాడు. షెడ్డు దగ్గర నిలబడలేకపోయాడు కాబోలు, మా వెనకే అంత దూరం ఎండలో పరుగున వచ్చేశాడు.

ఆయన్ని హేండిలు పట్టుకోమన్నాను. ఆవిణ్ణి బండి మీదే కూర్చోమన్నాను. నేను తారు మీద మోకాళ్లేసి, చైను కవరుకి ఉండే రబ్బరు బిరడా తీసి, ఆ కన్నంలోంచి వేలు పెట్టాను. చైను బిర్రుగా ఉంది. వేలితో నొక్కితే చెక్కని నొక్కినట్టుంది, రవ్వంత కూడా దిగడం లేదు.

అప్పుడు మొత్తం అర్థమైంది. అంతకు రెండు నెలల ముందు, ఆవిడకి ఉద్యోగం రాకముందు, ఇదే రైతు చైను కవరులో గలగలమంటోందని వచ్చాడు. చైను అరిగిపోయింది, మార్చాలి. కోతలయ్యాక మారుస్తాను, ఈలోగా మోత ఆపండి అన్నాడు. ఆ మోత ఆపడానికి చైనుని ఉండాల్సిన దానికన్నా ఒకింత ఎక్కువే లాగి బిగించాను. ఎక్కువని తెలిసే బిగించాను. ఒక్కడే తిరిగే బండి కదా, ఏం ఫర్వాలేదు అనుకున్నాను. ఆ తర్వాత అది ఇద్దరి బండి అయింది, నేను ఆ సంగతి మర్చిపోయాను.

మీరు పనివాళ్లు కాబట్టి మిగతాది చెప్పక్కర్లేదు, కానీ కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. డబుల్ స్టాండు మీద వెనక చక్రం కిందకి వేలాడుతుంది, చైను వదులుగా ఉంటుంది. ఎంత తిప్పినా లోపం కనపడదు. ఒకడు ఎక్కితే బండి కాస్త కుంగుతుంది, చైను కొంచెం బిగుస్తుంది. ఇద్దరు ఎక్కితే, అందులోనూ షాకబ్జర్లు పాతవైతే, చక్రం బాగా పైకి లేచి చైను పూర్తిగా లాగేస్తుంది. ఈ ముక్క నేను పదిమందికి నేర్పాను. చక్రం విప్పి బిగించినప్పుడు కూడా చైనుని పాత గుర్తు మీదే పెట్టాను, నా చేతి బిగుతే అది అని నాకు మాత్రం స్ఫురించలేదు. స్టాండు మీద చూశాను, ఒక్కణ్ణే వెళ్లి చూశాను, ఫోనులో తీర్పు చెప్పేశాను.

నా ముఖం నేలవైపు ఉండటం మంచిదైంది. ఎందుకంటే ఇక్కడ నాకు ఇంకో దారి కూడా కనిపించింది. చైను తుప్పు పట్టిందమ్మా, ఇప్పుడే పట్టేసింది అంటే సరిపోతుంది. పానాలు జేబులోనే ఉన్నాయి. రెండు నట్లు వదులు చేస్తే లోపం పోతుంది, నా పేరూ నిలుస్తుంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చిందని ఒప్పుకుంటున్నాను. దాన్ని ఆపింది నా మంచితనమేమీ కాదు. ముందురోజు రాత్రి మా ఆవిడ అడిగిన మాట ఇంకా చెవిలోనే ఉంది.

"తప్పు నాదమ్మా," అన్నాను మోకాళ్ల మీద ఉండగానే. "చైను నేనే ఎక్కువ బిగించాను. మీరిద్దరూ ఎక్కితే పట్టేస్తోంది. ఈయన బ్రేకు తొక్కలేదు. ఒక్కసారి కూడా తొక్కి ఉండడు."

ఆవిడ బండి దిగింది. "ఇద్దరం ఎల్తామని ఇతను సెప్పేడు కదా మీకు?"

"చెప్పాడు."

"మరి ఒక్కలే ఎక్కి బాగుందనీసేరేటి?"

గురువుగారి సూత్రం అని చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడ తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. తిట్టలేదు. నేను తల దించుకుని యాక్సిల్ నట్టు వదులు చేసి, చైను రెండు వేళ్లంత దిగేలా సరిచేశాను. ఆ పని జరుగుతున్నంతసేపూ రైతు హేండిలు వదల్లేదు. నాలుగు మాటలు అంటాడనుకున్నాను. చూశావా, నేను చెప్పలేదూ అని పెళ్లాం మీద ఎగురుతాడనుకున్నాను. నట్టు బిగించి లేవబోతుంటే నెమ్మదిగా అడిగాడు.

"అయితే నాను తొక్కనేదు కదా మేస్త్రీ?"

"లేదయ్యా, చెప్పాను కదా."

"కాదు, ఒట్టేసి సెప్పండి. నాకే తెలీకుండా నా కాలు తొక్కేస్తందేమోనని నా అనుమానం. మొదట్ల ఇది ఎల్లడం నాకు ఇష్టం నేదు. మీరు రెండుసార్లు బండి బాగుందన్నారు. బండి బాగుంటే మరి నానే కదా? నా లోపల ఇంకా ఆ ఇష్టం లేకపోవడం ఉండిపోనాదేమో, అది తొక్కుతందేమో అనుకున్నాను. అందుకే నిన్నట్నుంచి సెప్పులు మానేసేను. ఒట్టికాలికి బ్రేకు తగిల్తే తెలుస్తాది కదా అని."

ఆయన పాదాలు అప్పుడు నా కళ్లకి ఎదురుగానే ఉన్నాయి. కాలికి చెప్పులు లేవు. షెడ్డు నుంచి బ్రిడ్జి దాకా గరుకు తారు మీద అలాగే పరుగెత్తి వచ్చాడు. మడమ దగ్గర చర్మం లేచిపోయి ఉంది. నేను రెండుసార్లు చెప్పిన ఆ ఒక్క మాటతో ఆ మనిషి తన కాలిని తనే నమ్మలేని స్థితికి వచ్చాడు. నాకు కళ్లు మండాయి. బనీను గుడ్డతో ముఖం తుడుచుకున్నాను, దాంతో గ్రీజు కూడా అంటింది.

ఆవిడ ఆ పాదాల వైపు చాలాసేపు చూసింది.

"నాకు సెప్పనేదేటి మావా?" అంది.

"ఏటని సెప్పను?"

ఆవిడ తన కాళ్లకున్న చెప్పులు విప్పి, కాలితోనే ఆయన ముందుకి జరిపింది. నీలం రంగు రబ్బరు చెప్పులు. ఆయన వద్దన్నాడు, ఆడోళ్ల సెప్పులేటే, దారంతా నవ్వుతారన్నాడు. "నవ్వనీ. నేను బండి మీదే కదా కూకుంటాను, నాకెందుకు? ఏసుకో," అంది. వేసుకున్నాడు. సగం పాదమే పట్టింది, మడమలు బయటే ఉండిపోయాయి. అలాగే కిక్కు కొట్టి, ఆవిణ్ణి ఎక్కించుకుని, బ్రిడ్జి ఎక్కేశాడు. బండి ఎక్కడా మూలగలేదు. పైకి చేరాక ఆవిడ ఒక చెయ్యి తీసి ఆయన భుజం మీద వేసింది. నేను అక్కడే నిలబడి చూసి, తర్వాత నడుచుకుంటూ షెడ్డుకి వచ్చాను.

మా బావమరిది "ఏటైనాది బావా?" అని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాను, టీ కొట్టు దగ్గరున్న వాళ్లందరికీ వినపడేలాగే చెప్పాను. "చెవితో చూస్తాడు" అనే మాట ఆ తర్వాత కొన్నాళ్లు ఎవరూ అనలేదు. మంచిదే. అప్పటినుంచి బండి మీద ఎవరెవరు తిరుగుతారో అడగకుండా పానా పట్టలేదు. కుదిరితే వాళ్లందరినీ ఎక్కించుకునే ట్రయలు వేశాను. ఒకసారి ముగ్గురు పిల్లలూ, ఒక పాల క్యానూ వచ్చాయి. కబుర్లు బాగానే చెప్పారు, బండి చెప్పేదీ వినపడింది. మీరూ అలాగే చెయ్యండి. బండి బాగుందని చెప్పేముందు ఆ మాట ఇంకెవరి మీద పడుతుందో ఒక్క నిమిషం ఆలోచించండి.

సోమవారం పొద్దున్న షెడ్డు తలుపు తీస్తుండగా ఫోను మోగింది. ఆ రైతే. వెనకాల రైలు కూత వినిపిస్తోంది.

"ఎక్కేసింది మేస్త్రీ. బేగి వచ్చేసేం. రైలే లేటు."

"చెప్పులేసుకున్నావా?" అని అడిగాను.

"ఏసుకున్నాను," అన్నాడు. ఆయన నవ్వడం నేను మొదటిసారి విన్నాను. "ఈ పాలి నావే."